వాసన తెలియకపోవడం, పార్కిన్సన్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

పార్కిన్సన్స్ (కదలికల్ని మెల్లమెల్లగా దెబ్బతీసే మెదడు జబ్బు) ఉన్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ వాసన గురించి అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు అవే. డాక్టరు గదిలో దొరికే పది నిమిషాలూ వణుకుకీ, నడకకీ, మాత్రల వేళలకీ సరిపోతాయి. ముక్కు సంగతి ఎత్తేలోపు తర్వాతి టోకెన్ పిలుస్తారు. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాం. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఒక్క మాట ముందే: మందు మానడం, మార్చడం, కొత్తది మొదలుపెట్టడం మీ డాక్టరుతో మాట్లాడాకే.

## ఇంకా అనుమానంలో ఉన్నవాళ్లకి

నాకు ఈమధ్య వాసన తెలియట్లేదు. పార్కిన్సన్స్ వస్తుందా?

ఎక్కువమందికి రాదు. వాసన తగ్గడానికి కారణాలు బోలెడు: సైనస్, ముక్కులో పెరిగే కండలు, తలకి తగిలిన దెబ్బ, కోవిడ్, పొగతాగడం, అన్నిటికీ మించి వయసు. 65 దాటినవాళ్లలో సగం మందికి పైగా ఎంతో కొంత తగ్గే ఉంటుంది. హవాయి దీవుల్లోని హోనొలులులో జపాన్ సంతతికి చెందిన 2,267 మంది పెద్దవయసు మగవాళ్లకి వాసన పరీక్ష చేసి, తర్వాత కొన్నేళ్లు గమనించారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో పార్కిన్సన్స్ బయటపడింది 35 మందికి. పరీక్షలో అట్టడుగున నిలిచిన పావు వంతు మందికి మొదటి నాలుగేళ్లలో ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ. 5 రెట్లు అన్నమాట వింటే గుండె జారుతుంది గానీ, ఆ పావు వంతులో కూడా జబ్బు రానివాళ్లే చాలా ఎక్కువ.

వాసనతో పాటు ఇంకేమైనా తోడైతే మాత్రం న్యూరాలజిస్టుని కలవాలి: ఏళ్లుగా వదలని మలబద్ధకం, నిద్రలో కాళ్లూ చేతులూ విసరడం, నడుస్తుంటే ఒక చెయ్యి ఊగకపోవడం, రాత అక్షరాలు పోనుపోను చిన్నవైపోవడం, గొంతు సన్నబడటం.

కోవిడ్‌లో పోయిన వాసనకీ దీనికీ తేడా ఎలా పట్టుకోవాలి?

కోవిడ్‌లో పోయినప్పుడు తేదీ చెప్పగలరు: ఫలానా రోజు పొద్దున కాఫీ వాసన రాలేదని. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తిరిగొచ్చింది. కొందరికి నెలలు పట్టింది, కొందరికి వాసనలు వికృతంగా మారాయి: కాఫీ కాలిన రబ్బరులా, ఉల్లిపాయ మురుగులా. పార్కిన్సన్స్‌లో అలాంటి తేదీ ఉండదు. ఏళ్ల తరబడి మెల్లగా పలచబడుతుంది. వాసనలు మారిపోవడం అరుదు, మసకబారడమే ఎక్కువ. "ఈ కాలం కరివేపాకులో వాసనే లేదు" అని కూరగాయల బండివాడి మీద విసుక్కోవడం చాలా ఇళ్లలో మొదటి గుర్తు.

జబ్బు కదలికలది కదా, ముక్కుకి ముందే ఎందుకు దెబ్బ?

ఈ జబ్బులో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ నాడీకణాల్లో గడ్డకట్టి పేరుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం చనిపోయినవాళ్ల మెదళ్లను వరసగా పరిశీలించి 2003లో ఒక క్రమం చెప్పింది. ఆ గడ్డలు ముందు కనిపించేది రెండు చోట్ల: ముక్కు నుంచి వచ్చే నాడులు చేరే ఘ్రాణ భాగంలో, పేగుల్ని నడిపించే వేగస్ నాడి మొదట్లో. కదలికల్ని అదుపుచేసే నల్లటి కణాల గుంపు దాకా రావడం మూడో దశలో. అందుకే వాసనా, మలవిసర్జనా ముందు చెడి, వణుకు ఏళ్ల తర్వాత వస్తుంది. అందరిలో ఇదే వరస నడవదు. కొందరిలో జబ్బు పేగుల వైపు నుంచి, కొందరిలో ముక్కు వైపు నుంచి మొదలవుతుందన్న వాదన కూడా ఉంది.

"నా ముక్కు బాగానే ఉంది" అంటారు మా నాన్నగారు. గిన్నె మాడినా పట్టుకోలేదు. ఎవరి మాట నమ్మాలి?

గిన్నె మాట నమ్మండి. వాసన తగ్గిన పార్కిన్సన్స్ రోగుల్లో చాలామందికి పరీక్ష చేసేదాకా ఆ సంగతే తెలియదు. చూపు తగ్గితే అక్షరం కనపడదు. వాసన తగ్గితే ఏమీ జరగనట్టే ఉంటుంది. పైగా తలనొప్పి బామూ, కర్పూరమూ, ఘాటు మిరపపొగా వాళ్లకి తెలుస్తూనే ఉంటాయి. అవి ఘ్రాణ నాడితో పనిలేకుండా ముఖానికి స్పర్శనిచ్చే వేరే నాడి ద్వారా చల్లగానో మంటగానో అందుతాయి. బామ్ తెలిసింది కాబట్టి ముక్కు బాగుంది అనుకోవడమే అన్నిటికన్నా ఎక్కువ జరిగే పొరపాటు.

ఇంట్లో ఒక అంచనా వేసుకోవచ్చు. మూతలున్న ఆరు చిన్న డబ్బాల్లో కాఫీపొడి, దంచిన లవంగం, నిమ్మతొక్క, ఇంగువ, నలిపిన కరివేపాకు, ఒంటిసబ్బు ముక్క పెట్టండి. జలుబు లేని రోజు, భోజనమయ్యాక గంట ఆగి, కళ్లు మూయించి, ఒక్కొక్కటి ముక్కుకి రెండంగుళాల దూరంలో పట్టండి. "ఇదేమిటి?" అని అడగొద్దు. పేరు గుర్తు రాకపోవడం మంచి ముక్కు ఉన్నవాళ్లకీ మామూలే. "కాఫీయా, లవంగమా, ఇంగువా, సబ్బా?" అని నాలుగు పేర్లు చెప్పి ఒకటి ఎంచుకోమనండి. మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వండి. ఊరికే ఊహించి చెప్పినా నాలుగింట్లో ఒకటి కలుస్తుంది, కాబట్టి ఆరింట్లో సగం తప్పితే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించడం మంచిది. ఇది జబ్బు తేల్చే పరీక్ష మాత్రం కాదు.

మా వారు నిద్రలో అరుస్తారు, పక్కనున్న నన్ను కొడతారు. వాసన కూడా తెలియదు. రెండిటికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. కలలొచ్చే నిద్రలో మామూలుగా ఒళ్లు కదలకుండా మెదడు ఆపుతుంది. ఆ అదుపు తప్పితే కలలో జరిగేది ఒంటితో చేసేస్తారు. ఇది నిర్ధారణైనవాళ్లలో ఏటా సుమారు 6 శాతం మందికి పార్కిన్సన్సో, దానికి దగ్గరి జబ్బో బయటపడుతోందని పలుదేశాల్లో కలిపి చేసిన పరిశీలన 2019లో తేల్చింది. వాసన కూడా తగ్గితే ముప్పు ఇంకా పెరుగుతుంది. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్లో తీసిన ఒక రాత్రి వీడియో తీసుకెళ్లండి, అరగంట వర్ణన కంటే అదే పనికొస్తుంది. ఈలోపు మంచం పక్క గాజు వస్తువులు తీసేసి, కింద పరుపు వేయండి, మీరు వేరే మంచం మీద పడుకోండి. కొన్ని డిప్రెషన్ మందులతో కూడా ఇలా జరుగుతుంది, వాడే మాత్రలన్నీ చూపించండి.

## డాక్టరు దగ్గర

ముందు ఈఎన్‌టీ దగ్గరికా, న్యూరాలజిస్టు దగ్గరికా?

వాసన ఒక్కటే ఇబ్బందైతే ఈఎన్‌టీ. సన్నని గొట్టంతో ముక్కు లోపల చూసి అడ్డంకులు ఉన్నాయో లేవో చెబుతారు. అడ్డంకి వల్ల పోయిన వాసన చికిత్సతో రావచ్చు, దాన్ని వదిలేసి మెదడు స్కాన్ల వెంట పడటం డబ్బు దండగ. ముక్కు శుభ్రంగా ఉండి, కదలికల్లో మందకొడితనం కూడా కనిపిస్తుంటే న్యూరాలజిస్టు.

వాసన పరీక్ష అంటే ఏం చేస్తారు?

ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1984లో తయారైనది: గోకితే వాసన వచ్చే 40 పట్టీలున్న పుస్తకాలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. రెండోది జర్మనీలో తయారైన వాసన పెన్నులు, మూత తీసి ముక్కు దగ్గర పట్టుకోవడమే. మన దగ్గర చిక్కు ఎక్కడంటే, అమెరికా పుస్తకంలో గుమ్మడికాయ పై, రూట్ బీర్, డిల్ ఊరగాయ లాంటివి ఉంటాయి. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగిన డెబ్బై ఏళ్ల మనిషి వాటిని ఎప్పుడు చూశారని గుర్తుపడతారు? మార్కులు తక్కువ వస్తే ముక్కు తప్పో, వంటకం తప్పో తేలదు. అందుకే తెలియని వాసనలు ఏవేవి వచ్చాయో పరీక్ష చేసినవాళ్లకి చెప్పండి.

వణుకు ఉంది గానీ వాసన చక్కగా తెలుస్తోంది. అయితే ఇది పార్కిన్సన్స్ కాదా?

అలా కొట్టిపారేయలేం. పార్కిన్సన్స్‌లో 70 నుంచి 90 శాతం మందికి వాసన తగ్గుతుంది, మిగతావాళ్లకి తగ్గదు. ఎల్ఆర్ఆర్‌కె2, పార్కిన్ జన్యువుల్లో తేడా వల్ల వచ్చిన రకాల్లో ముక్కు చాలావరకు బాగానే ఉంటుంది. అయినా డాక్టరుకి అది పనికొచ్చే ఆధారమే. పార్కిన్సన్స్‌లాగే కనిపించే పీఎస్‌పీ అనే వేరే జబ్బులో, మెదడు రక్తనాళాల వల్ల వచ్చే నడక తేడాలో, మందుల వల్ల వచ్చే వణుకులో వాసన పెద్దగా చెడదు. 2015లో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఇచ్చిన నిర్ధారణ సూత్రాల్లో వాసన తగ్గడాన్ని పార్కిన్సన్స్‌ని బలపరిచే ఆధారాల్లో చేర్చారు. వెన్నుపూస నీటిలో ఆల్ఫా సైన్యూక్లిన్‌ని పట్టే కొత్త పరీక్ష మీద 2023లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, మొత్తం రోగుల్లో 87.7 శాతం మందిలో జబ్బు పట్టుబడితే, జన్యు కారణం లేకుండా వాసన స్పష్టంగా తగ్గినవాళ్లలో 98.6 శాతం మందిలో పట్టుబడింది. ముక్కు ఇచ్చే సాక్ష్యం అంత గట్టిది.

గ్యాస్ మాత్రలు వాడాక వణుకు మొదలైందంటున్నారు. ఇది నిజమా?

నిజమే, మన దగ్గర ఇది చాలా ఎక్కువ. కడుపుబ్బరానికీ ఎసిడిటీకీ రాసే కొన్ని క్యాప్సూల్స్‌లో పాంటోప్రజోల్ లేదా రాబిప్రజోల్‌తో కలిపి లెవోసల్పిరైడ్ ఉంటుంది. అది మెదడులో కదలికల్ని నడిపించే డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. నెలల తరబడి వేసుకుంటే అచ్చం పార్కిన్సన్స్ లాంటి బిగుసుకుపోవడం, వణుకు రావచ్చు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్, తలతిరుగుడుకిచ్చే సిన్నరిజీన్, మైగ్రేన్‌కిచ్చే ఫ్లూనరిజీన్ కూడా ఇదే జాతి.

ఇలా మందు వల్ల వచ్చినప్పుడు వాసన సాధారణంగా నిలిచే ఉంటుంది, రెండు చేతులూ ఇంచుమించు ఒకేసారి వణుకుతాయి. డాక్టరు మందు ఆపించాక కొన్ని వారాల నుంచి ఆరేడు నెలల్లో ఎక్కువమందికి తగ్గుతుంది. తగ్గకపోయినా, అప్పటికే వాసన కూడా లేకపోయినా, లోపల అణగి ఉన్న అసలు పార్కిన్సన్స్‌ని ఆ మందు బయటికి లాగిందని అనుమానిస్తారు. అసలు జబ్బు ఉన్నవాళ్లకి కూడా ఈ మందులు పడవు. మందుల షాపులో "గ్యాస్‌కి ఒకటివ్వండి" అని అడిగి తెచ్చుకోవడం మానండి. అట్ట వెనక్కి తిప్పి లెవోసల్పిరైడ్ అన్న మాట ఉందేమో చూడండి, అక్షరాలు చిన్నవైతే ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి.

పార్కిన్సన్స్‌కే ఒక వాసన ఉంటుందట కదా?

ఉంది. స్కాట్లాండ్‌కు చెందిన జాయ్ మిల్న్ అనే నర్సు, తన భర్తకి జబ్బు బయటపడటానికి చాలా ఏళ్ల ముందే ఆయన ఒంటి వాసన మారిందని గమనించారు. పరీక్షగా ఇచ్చిన టీషర్టుల్లో రోగులవి గుర్తుపట్టారు. జబ్బు లేదనుకున్న ఒకరి చొక్కాని కూడా రోగిదేనన్నారు, కొన్ని నెలలకి ఆయనకీ నిర్ధారణైంది. చర్మం మీది జిడ్డులో కొన్ని పదార్థాల పాళ్లు మారడమే కారణమని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో తేల్చారు. అలాంటి ముక్కు కోట్లలో ఒకరికి ఉంటుంది, మీ ఇంట్లో వాసన చూసి జబ్బు తేల్చే ప్రయత్నం చేయకండి.

## మందులూ, వాసన సాధనా

లెవోడోపా వేసుకుంటే చెయ్యి తేలికైంది. వాసన ఎందుకు రాలేదు?

పార్కిన్సన్స్‌కి ఇచ్చే ప్రధాన మందు లెవోడోపా, ఈ జబ్బులో వచ్చే డోపమిన్ కొరతని పూడుస్తుంది. ముక్కు సంగతి ఆ కొరత కాదు. చనిపోయిన రోగుల ఘ్రాణ భాగాన్ని పరిశీలించినప్పుడు అక్కడ డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గకపోగా పెరిగి కనిపించాయి (2004లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధన ఇది). కాబట్టి వాసన రాలేదని మాత్ర పనిచేయట్లేదనుకోకండి, మోతాదు పెంచమని అడగకండి.

వాసన సాధన అంటున్నారు. ఇంట్లో ఎలా చేయాలి?

జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం: ఈ నాలుగింటిని రోజుకి రెండుసార్లు, 12 వారాలు వాసన చూడటం. 2013లో ఇదే పద్ధతిని పార్కిన్సన్స్ రోగులతో చేయించి చూస్తే, చేయనివాళ్ల కంటే చేసినవాళ్ల వాసన కొంత మెరుగైంది. కొంత అంటే కొంతే. పోయిన మల్లెల వాసన పూర్తిగా తిరిగొస్తుందని ఎవరూ మాటివ్వలేరు. పెద్ద ఖర్చు లేదు, పెద్ద ప్రమాదం లేదు, అందుకే చేయమంటాం.

వెడల్పు మూతి ఉన్న నాలుగు చిన్న గాజు సీసాలు తీసుకోండి. ఒకదానిలో దూది మీద అసలైన గులాబీ అత్తరు రెండు చుక్కలు, ఇంకోదానిలో నీలగిరి తైలం మూడు చుక్కలు, మూడోదానిలో తాజా నిమ్మతొక్క తురుము, నాలుగోదానిలో ఎనిమిది పది లవంగాలు కచ్చాపచ్చాగా దంచి వేయండి. పేర్లు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మాత్ర బాగా పనిచేస్తున్న సమయం చూసుకుని కూర్చోండి, లేకపోతే వణుకుతో సీసా ముక్కుకి తగిలి నూనె అంటుకుని మండుతుంది. ఒక్కోటి 10 సెకన్లు, పొట్టిపొట్టిగా పీలుస్తూ, పేరు చదువుతూ, ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో తలచుకుంటూ చూడండి. మధ్యలో అర నిమిషం ఆగండి.

చెడేదెక్కడంటే, నిమ్మతొక్క రెండు రోజులకే ఎండి వాసన వదిలేస్తుంది, దంచిన లవంగం వారానికి. మార్చకుండా అదే సీసా నెల రోజులు పీల్చి "ఏం లాభం లేదు" అని మానేసేవాళ్లు చాలామంది. వాసన రాని మొదటి మూడు నాలుగు వారాల్లోనే ఎక్కువమంది వదిలేస్తారు కూడా. ప్రతి ఆదివారం నాలుగింటికీ సున్నా నుంచి పదిలోపు మార్కులేసి క్యాలెండర్ మీద రాసుకోండి. నీలగిరి తైలం తాగితే విషం, మనవలకి అందకుండా పెట్టండి. కర్పూరం, బామ్ దీనికి పనికిరావు, అవి మంటని తెలియజేస్తాయి గానీ ఘ్రాణ నాడికి పెద్దగా పని పెట్టవు.

నస్యం (ముక్కులో నూనె చుక్కలు), జింకు మాత్రలు, ముక్కులో స్టెరాయిడ్ స్ప్రే?

ఎలర్జీ, పాలిప్స్ (ముక్కులో పెరిగే కండలు) ఉంటే స్ప్రే పనిచేస్తుంది. పార్కిన్సన్స్ వల్ల పోయిన వాసనకి అది మందు కాదు. జింకు లోపం పరీక్షలో తేలితే తప్ప మాత్రలతో ఫలితం ఉంటుందని ఆధారం లేదు. ముక్కులో నూనె చుక్కల విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాం: మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకి ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు. దూలగొండి గింజల పొడిలో నిజంగానే లెవోడోపా ఉంటుంది, కానీ ఒక చెంచాలో ఎంత ఉందో తెలియదు. మాత్రలతో కలిపితే మోతాదు మించిపోయి ఒళ్లు మెలికలు తిరగడం, భ్రమలు రావచ్చు.

## వంటిల్లు

మా అమ్మకి గ్యాస్ లీకైనా తెలియదు. ఏమేం మార్చాలి?

వంటగ్యాస్‌కి సొంత వాసన లేదు. మనకొచ్చే ఆ కుళ్లు వాసన, లీకైతే తెలియాలని కలిపే ఇథైల్ మెర్కాప్టాన్‌ది. ఆ హెచ్చరిక అమ్మకి అందదు కాబట్టి వేరే హెచ్చరికలు పెట్టాలి.

ముందు అలారం. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. అందుకని ఎల్‌పీజీ అలారాన్ని నేలకి అడుగు ఎత్తులో, సిలిండరుకి దగ్గర్లో బిగించాలి. హైదరాబాద్, విజయవాడల్లో కొన్ని ఇళ్లకొచ్చే పైపు గ్యాస్ గాలి కంటే తేలిక, దాని అలారం సీలింగుకి దగ్గరగా ఉండాలి. దీన్ని తిరగేసి బిగించి, ఏళ్ల తరబడి ధైర్యంగా ఉన్న ఇళ్లున్నాయి. సెన్సర్ జీవితకాలం పెట్టె మీద రాసి ఉంటుంది, ఆ తేదీ గోడ మీద రాసుకోండి.

తర్వాత స్టవ్. పాలు పొంగి మంట ఆరిపోవడం, గ్యాస్ వస్తూనే ఉండటం మన ఇళ్లలో మామూలు. మంట ఆరగానే గ్యాస్ దానంతటదే ఆగే స్టవ్‌లు దొరుకుతాయి, ఖర్చు పెట్టదగ్గ వస్తువు అది. నారింజరంగు సురక్ష గొట్టం మీద అచ్చువేసిన తేదీ చూడండి, ఐదేళ్లకి మార్చాలి. నెలకోసారి సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వంట అయిపోగానే రెగ్యులేటర్ కట్టేయాలి. వేళ్లు బిగుసుకుని ఆ నాబ్ తిప్పలేకపోతే, తిప్పే బాధ్యత ఇంట్లో ఒకరికి పేరుపెట్టి అప్పగించండి.

అలారం మోగితే లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆపొద్దు కూడా. రెగ్యులేటర్ కట్టి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికొచ్చి, అక్కడినుంచి 1906కి ఫోన్ చేయండి. ఇది దేశమంతటా పనిచేసే ఎల్‌పీజీ అత్యవసర నంబరు. గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోయే అలవాటు ఉంటే వంటింటి దారిలో డబ్బాలు, పీటలు లేకుండా చూడండి.

ఇండక్షన్ పొయ్యికి మారిపోవడం ఇంకా సుఖం. ఒక్క జాగ్రత్త: మెదడుకి డీబీఎస్ ఆపరేషన్ (మెదడులో తీగలు, ఛాతీలో వాటిని నడిపే పరికరం అమర్చేది) అయినవాళ్లు, ఆన్‌లో ఉన్న ఇండక్షన్ మీదకి ఛాతీ వంచకూడదు. ఎంత దూరం ఉండాలో పరికరం కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

పాసిపోయిన కూర తెలియక తినేస్తున్నారు. రుచి చూసి తెలుసుకోవచ్చా?

వద్దు. పాసిందో లేదో నాలుకతో తేల్చుకునే పద్ధతి మానాలి, తేదీతో తేల్చుకోవాలి. వండినది 2 గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, డబ్బా మీద కాగితపు టేపుతో రోజు రాయాలి, మూడో రోజు పారేయాలి. కొబ్బరిచట్నీ ఏ పూటకాపూట. బయట ఉంచిన అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు, తాలింపు పెట్టి పులిహోర చేసినా పోదు. చూపుకి అందే గుర్తులు నేర్చుకోండి: సాంబారు మీద నురగ, కూరలో జిగురుతీగ, పచ్చడి మీద బూజు, కాస్తే విరిగే పాలు. నూనె ప్యాకెట్ తెరిచిన తేదీ రాయండి. కిరసనాయిలు, ఫినాయిలు, పురుగుమందు మంచినీళ్ల సీసాల్లో పోసి పెట్టడం ఈ ఇళ్లలో పూర్తిగా నిషేధం.

## తిండి

రుచి లేదంటూ ఉప్పూ కారం విపరీతంగా వేసుకుంటున్నారు. ఆపాలా?

ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుకకి తెలుస్తాయి. పోపు, ఇంగువ, నెయ్యి, గోంగూర అనిపించేదంతా ముక్కు పనే. ముక్కు మూసుకుని జీలకర్ర నమిలి, ఒక్కసారి వదిలి చూడండి, తేడా తెలుస్తుంది. ముక్కు ఇచ్చే వాటా పోయాక ఉప్పుతో కారంతో పూడ్చుకోవాలని చూస్తారు.

ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన పచ్చడీ అప్పడమూ అందులోంచే లెక్క. అయితే పార్కిన్సన్స్‌లో లేచి నిలబడగానే బీపీ పడిపోయేవాళ్లకి డాక్టరే ఉప్పు పెంచమంటారు. మీరు ఏ రకమో నిలబడి బీపీ చూపించుకుని తేల్చుకోండి. వంటలో ఉప్పు చెంచాతో కొలిచి వేయండి, రుచి చూసే పని వేరేవాళ్లకి ఇవ్వండి. కారం మంట మాత్రం వాసనతో పనిలేకుండా తెలుస్తుంది కాబట్టి పెంచుకుంటూ పోతారు, ఎసిడిటీ వస్తుంది, దానికి లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ వస్తుంది, దాంతో నడక ఇంకా మందగిస్తుంది. ఈ గొలుసుని కారం దగ్గరే తెంచడం తేలిక.

పులుపు మంచి తోడు: నిమ్మరసం, మామిడికాయ పప్పు, చింతచిగురు. వేడి, చల్లన, కరకర కూడా ముక్కుతో పనిలేనివే. మింగేటప్పుడు దగ్గు వచ్చేవాళ్లకి మాత్రం అప్పడం పొడి గొంతులో పడి ప్రమాదం. వాళ్లకి మెత్తని పెరుగన్నంలో సన్నగా తురిమిన అల్లం లాంటివే తేడా చూపించాలి.

తిండి మీద ధ్యాసే లేదు, చిక్కిపోతున్నారు. ఏం చేయాలి?

నెలకోసారి ఒకే తూకంలో, ఒకే వేళకి బరువు చూడండి. ఆరు నెలల్లో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, డాక్టరుకి చెప్పాలి. ఆకలి వాసనతో పుడుతుంది, అది లేనప్పుడు గడియారంతో తినాలి. పెద్ద భోజనం రెండుసార్లు పెట్టే బదులు చిన్నగా ఐదుసార్లు పెట్టండి. లెవోడోపా భోజనానికి అరగంట ముందో, గంట తర్వాతో వేసుకుంటే బాగా ఒంటపడుతుంది. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రోటీన్ దానికి అడ్డొస్తుందని మొత్తం మానేసి చిక్కిపోయేవాళ్లున్నారు. మానడం తప్పు, ఎక్కువ భాగం రాత్రి భోజనానికి జరపడం వేరే సంగతి. ఐరన్ మాత్రకీ లెవోడోపాకీ మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి.

## ఏళ్లు గడిచాక

ఏమీ లేకపోయినా మాడిన వాసన వస్తోందంటారు. భ్రమేనా?

ముందు నిజమేమో చూడండి, పొయ్యి, ప్లగ్గులు, దేవుడి దీపం. ఏమీ లేకపోతే అది లేని వాసన. పార్కిన్సన్స్‌లో కొందరికి వస్తుంది, కొన్ని నిమిషాల్లో పోతుంది. సైనస్, చెడిన పన్ను కూడా కారణం కావచ్చు. వాసనతో పాటు చూపు నిలిచిపోవడం, పెదాలు చప్పరించడం కనిపిస్తే మూర్ఛ కావచ్చు. లేని మనుషులు కూడా కనపడుతున్నారంటే మందుల్లో సవరణ అవసరం.

వాసన పూర్తిగా పోతే మతిమరుపు వస్తుందా?

వస్తుందని చెప్పలేం, ముప్పు పెరుగుతుంది. జపాన్‌లో 44 మందిని మూడేళ్లు గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వాసన తీవ్రంగా పోయినవాళ్లకి మతిమరుపు జబ్బు ముప్పు చాలా ఎక్కువగా కనిపించింది. చిన్న అధ్యయనం అది. వాసన పోయినవాళ్లు మందుల లెక్క, డబ్బు లెక్క తప్పుతున్నారేమో ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటే చాలు.

ఒంటి వాసన తమకే తెలియదు, చెబితే నొచ్చుకుంటారు. ఎలా?

ఈ జబ్బులో చెమట, చర్మపు జిడ్డు, మూత్రం చుక్కలు పడటం ఎక్కువ. "వాసనొస్తోంది" అనే మాటకి బదులు వేళ పెట్టండి: రోజూ మాత్ర పనిచేసే వేళకి స్నానం, కట్టిన బట్ట ఒక్కరోజే, కట్టుడుపళ్లు రాత్రి నీళ్లలో. అత్తరు, సెంటు ఎంత పూసుకున్నారో తమకి తెలియదు కాబట్టి రెండు చుక్కలని లెక్కతో పెట్టుకుంటే సరిపోతుంది.

మేం అమెరికాలో, అమ్మ గుంటూరులో ఒంటరిగా. దూరం నుంచి ఏం చేయగలం?

ఫోనుకి సందేశం పంపే గ్యాస్ అలారం మంచిదే గానీ, డల్లాస్‌లో అర్ధరాత్రి మోగితే మీరు చేయగలిగింది ఒక్కటే, గుంటూరులో ఎవరికైనా ఫోన్ చేయడం. కాబట్టి ముందు ఆ మనిషిని కుదుర్చుకోండి: పక్కింటివాళ్ల దగ్గర ఒక తాళంచెవి, రెగ్యులేటర్ ఎలా కట్టాలో వాళ్లకి ఒకసారి చూపించడం, తలుపు లోపలి గొళ్లెం బయటనుంచి తీయగలిగేది. పనమ్మాయికి నెలజీతంతో పాటు ఇంకో రెండు పనులు అప్పగించండి: పొద్దున రాగానే వంటింట్లో వాసన చూడటం, ఫ్రిజ్‌లో తేదీ దాటిన డబ్బాలు పారేయడం. వీడియో కాల్‌లో "బాగున్నావా?" అని అడిగాక, ఒకసారి ఫోను ఫ్రిజ్ వైపు తిప్పమనండి.